సబ్బులో బెజ్జం

బారు సబ్బు మీద నాలుగో రెక్క వంపు తీసేసరికి పట్టాభిరామయ్య వేళ్లు జారడం మొదలుపెట్టాయి. చాకు కింద పెట్టి, వేళ్లు ప్యాంటుకు తుడుచుకుని, సబ్బును కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. రెక్క అడుగున వెడల్పుగా మొదలవ్వాలి. పక్కకు వాలుతూ, మెలి తిరుగుతూ, మొన దగ్గరికి సన్నబడాలి. ఎక్కడా గోడలా నిలబడకూడదు. నిలబడ్డ రెక్క బురదను కొయ్యదు, ఊరికే నెడుతుంది.

నాచారంలో ఆ ఫ్యాక్టరీ షెడ్డు పైగదిలో ఆయన పని ఇదే. చెరువుల్లో పూడిక తీసే తవ్వోడలకు, అంటే డ్రెడ్జర్లకు, కట్టర్ హెడ్లు గీస్తాడు. తవ్వోడ ముందునుంచి నీళ్లలోకి పొడవాటి ఇనుప చెయ్యి ఒకటి దిగుతుంది. దాని చివర బోర్లించిన గంపలాంటి కట్టర్ గిరగిరా తిరుగుతూ అడుగుమట్టిని కోస్తే, వెనకాల గొట్టం ఆ బురదను పీల్చి గట్టుకు పంపుతుంది. బస్సులో పక్కవాళ్లెవరైనా ఏం చేస్తుంటారని అడిగితే మాత్రం "గీతలు గీస్తా" అని మొహం కిటికీ వైపు తిప్పుకుంటాడు.

బక్కపలచటి మనిషి. ఏళ్ల తరబడి డ్రాయింగు బల్ల మీద వాలి వాలి కుడి భుజం కిందికి దిగిపోయింది. పల్లెటూరి బడిలో పదో తరగతి, ఆ పైన ఐటీఐ. గదిలో అవతలి మూల ఆమని అనే ఇంజినీరు పిల్ల కంప్యూటర్లో అదే కట్టర్‌ను నాలుగు వైపులా తిప్పి చూపిస్తుంది. ఆ పిల్ల లెక్కలో తప్పుండదు. అది ఆయనకూ తెలుసు. అయినా కొత్త కట్టర్ ఏదొచ్చినా, అది లారీ ఎక్కేలోపు బట్టల సబ్బులో చెక్కి, వేళ్లతో తడిమి చూసుకోనిదే ఆయనకు నిద్ర పట్టదు. చూసుకోవడం అయ్యాక ఆ సబ్బులు ఇంటికి పోయేవి.

"మీ ముళ్ల చక్రాలతో బట్టలు ఉతకలేక చస్తున్నాను. అరచెయ్యంతా గీరుకుపోతోంది. ఒక్కసారైనా గుండ్రంగా ఉండేది గియ్యకూడదూ?" అనేది భార్య అరుణకుమారి.

ఆమె పోయిన ఈ రెండేళ్లలో సబ్బులు ఇంటికి పోవడం మానేశాయి. కిటికీ గట్టు మీద వరసగా ఎండి, బీటలు తీస్తున్నాయి.

చివరి పని ఒకటి మిగిలింది. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, ఒక పుల్లతో సబ్బు కట్టర్ వెనక అంచున బెజ్జం పొడిచాడు. పుల్లను అందులోనే ఉంచాడు, ఎర్ర తల బయటికి కనపడేలా.

నిమజ్జనాలయ్యాక చెరువు అడుగంతా చీరలు, పందిరి గుడ్డలు. కట్టర్ వాటిని చుట్టుకుని బిగుసుకుపోతుంది. అప్పుడు ఇనుప చేతిని పైకెత్తి, ఒక మనిషి దాని దగ్గరికి వెళ్లి, రెక్కల సందుల్లోకి భుజందాకా చెయ్యి దూర్చి ఆ గుడ్డలు కోసి లాగుతాడు. మోటారు స్విచ్ వెనక క్యాబిన్లో ఇంకొకడి దగ్గర ఉంటుంది. క్యాబిన్లోంచి చూస్తే రెక్కలు కనపడతాయి, రెక్కల మధ్య చెయ్యి కనపడదు. అందుకని కట్టర్ వెనక రింగులో ఒక బెజ్జం పెట్టి, అందులోంచి ఇనుప చేతిలోకి ఒక పిన్ను దించితే, ఎవడు స్విచ్ వేసినా కట్టర్ కదలదు. ఇందులో గొప్ప విద్యేమీ లేదు. దొడ్డితలుపు గడియకు ఎంత విద్య కావాలో అంతే.

"సార్, రివిజన్ ప్రింట్ తీశాను. మీ సంతకం ఒక్కటే మిగిలింది. సాయంత్రం ట్రయల్ అయ్యాక రేపు లారీ ఎక్కిస్తారట." ఆమని కాగితం బల్ల మీద పెట్టి ముక్కు మూసుకుంది. "అబ్బ, మళ్లీ లాండ్రీ వాసన!"

ఆయన కాగితం వైపు చూశాడు. తిప్పి చూశాడు. "బెజ్జం ఏదీ?"

"ఓనర్ గారు తీసెయ్యమన్నారు సార్. పూర్తిగా పోలేదు, కంప్యూటర్లో దాచిపెట్టా అంతే. కావాలంటే ఒక్క క్లిక్‌తో మళ్లీ వచ్చేస్తుంది."

"అయితే కొట్టు."

ఆమని తన మూలకు వెళ్లి మౌస్ పట్టుకుంది. వేలు కదల్లేదు. "నేను కొట్టకూడదు సార్," అంది చిన్నగా.

పట్టాభిరామయ్య సంతకం పెట్టలేదు. సబ్బును చేతిలో పట్టుకునే మెట్లు దిగాడు.

కింద షెడ్డులో కొత్త కట్టర్‌ను ట్రయల్ స్టాండు మీద మోటారుకు బిగించి ఉంచారు. ఫిట్టరు సాంబయ్య దానికి గ్రీజు పట్టిస్తున్నాడు. జనగామ వైపు మనిషి, షెడ్డు రేకులు వేసిన నాటినుంచీ ఇక్కడే ఉన్నాడు. పక్కన డ్రమ్ము మీద కూర్చుని అతని అల్లుడు రంజిత్ చాయ్ తాగుతున్నాడు. చెరువు మీద ఆ రెక్కల మధ్య చెయ్యి పెట్టేది ఈ రంజితే. కట్టర్‌ను లారీలో వెంట తీసుకుపోవడానికి వచ్చాడు.

"ఏం సార్, కిందికి దిగొచ్చిన్రు? సబ్బు అరిగిందా?" అన్నాడు సాంబయ్య.

"రింగులో బెజ్జం ఎందుకు కొట్టలేదు?"

"కాయితంల లేదు సార్. కాయితంల లేనిది నేను కొడితే రేపు నన్నే కొడ్తరు."

రంజిత్ నవ్వాడు. "గా పిన్ను పోయిందే మంచిగైంది సార్. పోయినసారి గది తియ్య మర్శిన. క్యాబిన్లోడు స్విచ్ ఏసిండు, గేర్‌బాక్స్ పలిగింది. మన సేటు నన్ను నలుగుట్ల నిలవెట్టి తిట్టిండు. పిన్నే లేకుంటే మర్శుడే లేదు గదా!"

"పిన్ను మర్చిపోతే పగిలింది గేర్‌బాక్సు. పిన్ను లేకపోతే పోయేది నీ చెయ్యి."

"ఏ... ఎన్నిసార్ల వెట్టలే జెయ్యి! 'జర ఆగురా' అని ఒర్రుతం, ఆగుతడు."

"పంపు మోగుతుంటే వినపడుతుందా?"

"వినవడ్తది తియ్యిండ్రి సార్. గంత భయముంటే గాజులేస్కొని ఇంట్ల కూసోవాలె."

పట్టాభిరామయ్యకు యజమాని మీద కంటే ఈ కుర్రవాడి మీద ఎక్కువ మంట పుట్టింది. వినపడుతుందట.

రెండేళ్ల కిందట, వానాకాలంలో, ఆయన అప్పుడు ఉన్న నాచారం వీధిలో మోకాటిలోతు నీళ్లు నిలిచాయి. గుమ్మాల్లోకి రాకుండా తొందరగా పోవాలని వీధివాళ్లే మ్యాన్‌హోల్ మూత ఎత్తి పక్కన పడేశారు. అది అందరూ చేసేదే. మూత తీసినచోట ఒక చెట్టుకొమ్మ గుచ్చి దానికి ఎర్రగుడ్డ కట్టడం కూడా అందరూ చేసేదే. ఆ సాయంత్రం వానలో కొమ్మ కోసం ఎవరూ గడప దిగలేదు. ఎవరైనా అటు వస్తే అరుస్తాం కదా అనుకున్నారట. అరుణకుమారి కూరల సంచితో వచ్చింది. ముందు సంచి దొరికింది. మూత తీసినవాళ్లే పదకొండో రోజు భోజనానికి వచ్చి బంతిలో కూర్చున్నారు. ఆయన వడ్డించాడు. మజ్జిగ దాకా వడ్డించాడు. ఆ నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసి ఉప్పల్‌లో గది తీసుకున్నాడు. ఆ వీధిలోకి మళ్లీ కాలు పెట్టలేదు. వాళ్లలో ఒకాయన బస్టాపులో పలకరిస్తే, బస్సెక్కకుండా నడిచి ఇంటికి పోయాడు.

గిరిప్రసాద్ ట్రయల్ చూడటానికి వచ్చాడు. తండ్రి పెట్టిన ఫ్యాక్టరీనీ, చెరువుల మీద తవ్వోడలనూ నడుపుతున్న మనిషి, ఎవరినీ 'గారు' లేకుండా పిలవడు.

"ఏంటి పట్టాభి గారూ, సంతకం పెట్టలేదట?"

"బెజ్జం లేదండి."

"బెజ్జం లేకపోయినా మట్టి కోస్తుందండి అది."

"మట్టి ఒక్కటే కాదండి కోసేది."

గిరిప్రసాద్ ఓపిగ్గా నవ్వాడు. "పోయినసారి చెరువు మీద పని ఆగిపోతే ఎవరు మాట పడ్డారండీ? నేను. మళ్లీ పడలేను. జాగ్రత్తగా ఉండమని తవ్వోడ మీద బోర్డు రాయించాను కదా, తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి."

"పిన్ను మర్చిపోకుండా దానికి మూరెడు తోక పెట్టి ఎర్రరంగు వెయ్యమని గీశాను. క్యాబిన్లోకి కూడా కనపడుతుంది. చూశారా?"

"చూశానండి. చాలా బాగుంది. కానీ వద్దు." అతను సాంబయ్య వైపు తిరిగాడు. "ఊఁ, కానివ్వండి."

సాంబయ్య గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుని స్విచ్ బోర్డు దగ్గరికి నడిచాడు.

పట్టాభిరామయ్య సబ్బును రంజిత్ చేతిలో పెట్టాడు. "పట్టుకో." చొక్కా చేతిని భుజందాకా మడుచుకున్నాడు. స్టాండు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, రెండు రెక్కల సందులోంచి కుడిచెయ్యి లోపలికి పోనిచ్చాడు. మోచెయ్యి పోయింది. దిగిపోయిన ఆ భుజం రెక్క అంచుకు ఆనింది. ఆయన చెంప ఇనుముకు తగిలింది.

"ఏం చేస్తున్నారు మీరు?" అన్నాడు గిరిప్రసాద్.

"చీర చుట్టుకుందండి. తీస్తున్నాను. మీరు ట్రయల్ వేసుకోండి."

సాంబయ్య పాము మీద చెయ్యి పడ్డట్టు స్విచ్ దగ్గర్నుంచి వెనక్కు గెంతాడు. "సార్! సార్, జెయ్యి తీయుండ్రి! నీ కాల్మొక్త సార్!"

"నువ్వెందుకు భయపడతావు సాంబయ్యా? జర ఆగమని నేను ఒర్రుతాను. నీకు వినపడుతుంది. నీ అల్లుడే చెప్పాడు."

షెడ్డులో లేత్ మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పై గది మెట్ల మీద ఆమని నిలబడిపోయింది. ఎవరూ దగ్గరికి రాలేదు. కట్టర్ దానంతట అదే తిరుగుతుందేమో అన్నట్టు అందరూ దానికి ఎడంగా ఉన్నారు.

"డ్రామాలు ఆపండి పట్టాభి గారూ. పెద్దవాళ్లు, లేవండి."

"ఇక్కడ నా చెయ్యి మీకు కనపడుతోందండి. అందుకే ఎవరూ స్విచ్ ముట్టుకోవడం లేదు. అక్కడ కనపడదు."

"అక్కడ నేను ఉండను కదండీ!"

ఆ మాట రేకుల కప్పు కింద అందరికీ వినపడింది. గిరిప్రసాద్‌కు కూడా వినపడింది. మెడ మీద చెమట తుడుచుకుని, ఫోను తీసి దాని వైపు చూశాడు. అది మోగలేదు. "ట్రయల్ రేపు పొద్దున వేద్దాం. ఆమని గారూ, ఆ డ్రాయింగ్ మీద మీరు సంతకం పెట్టి పంపించెయ్యండి. ఈయన్ని ఇంటికి వెళ్లి రెస్టు తీసుకోమనండి." కారు గేటు దాటేదాకా ఎవరూ కదల్లేదు.

పట్టాభిరామయ్య చెయ్యి బయటికి తీసుకున్నాడు. భుజందాకా నల్లటి గ్రీజు. రెక్క అంచు ఒరుసుకున్నచోట తోలు లేచి ఎర్రగా ఉంది. రంజిత్ సబ్బు ఆయనకు ఇచ్చాడు. ఇచ్చిన చేతిని ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

గేటు పక్కన కుళాయి ఉంది. ఆయన ఆ సబ్బుతోనే గ్రీజు రుద్దుకున్నాడు. పొద్దుటినుంచీ తీసిన వంపుల మొనలు అరచేతికి గీరుకున్నాయి. వెనకనుంచి మాటలు వినపడ్డాయి.

"రంజిత్, మాగ్నెట్ డ్రిల్లు తే."

"కాయితంల లేదంటివి గద మామా?"

"నీ చెయ్యి గుడ కాయితంల లేదు రా. తేపో."

కాసేపటికి డ్రిల్లు రింగులోకి దిగుతున్న చప్పుడు మొదలైంది. ముందు కీచుమంది, తర్వాత ఇనుము పట్టి గుర్రుమంటూ నిలకడగా సాగింది. పట్టాభిరామయ్య చివరిదాకా విన్నాడు. వెనక్కి తిరగలేదు, ఒక మంచి మాటా అనలేదు. ఈ పని పొద్దున్నే చెయ్యాల్సింది. సబ్బును కుళాయి గట్టు మీద పెట్టి, చొక్కా చెయ్యి దించుకుని, గేటు దగ్గర మేకుకు తగిలించిన తన సంచి తీసుకుని బయటికి నడిచాడు.

అప్పటికే చినుకులు మొదలయ్యాయి. రోడ్డు మలుపులో ఎవరో మూత తీసేసి పోయారు. నల్లటి నీళ్లు గుడగుడమంటూ లోపలికి జారుతున్నాయి. చుట్టుపక్కల అంగళ్లవాళ్లు గొడుగుల కింద నిలబడి చూస్తున్నారు. ఆయన కానుగ చెట్టుకు వేలాడుతున్న కొమ్మను విరిచి ఆ గుంటలో గుచ్చాడు. సంచిలోంచి ఎర్రటి జాకెట్ గుడ్డ తీశాడు. పేరంటాల్లో అరుణకుమారికి తాంబూలంతో ఇచ్చినవి, ఎవరూ కుట్టించుకోనివి, పెట్టె నిండా ఉన్నాయి. వానాకాలమంతా సంచిలో ఒకటి పెట్టుకుని తిరుగుతాడు. దాన్ని కొమ్మకు గట్టిగా రెండు ముడులు వేశాడు.

"మీరు మున్సిపాల్టీయా అంకుల్?" అని అడిగాడు ఒక అంగడివాడు.

"మీరు గుడ్డివాళ్లా?" అని పట్టాభిరామయ్య బస్టాపు వైపు నడిచాడు.

మర్నాడు ఆయన రాలేదు. గిరిప్రసాద్ పొద్దున్నే వచ్చి, రింగులో కొత్త బెజ్జం చూసి, ఎవరు కొట్టారని అడిగాడు. "నేనే కొట్టిన," అన్నాడు సాంబయ్య. దాన్ని వెల్డింగ్‌తో పూడ్చమంటే మాత్రం రాడ్ పట్టనన్నాడు. మల్లాపూర్ నుంచి ఇంకొకణ్ణి పిలిపించారు. వాడు శ్రద్ధగల మనిషి. పూడ్చి, గ్రైండింగ్ పట్టి, బెజ్జం ఉన్న ఆనవాలు కూడా లేకుండా పైన నల్లరంగు వేశాడు. మధ్యాహ్నం కట్టర్ లారీ ఎక్కింది. దాని పక్కన తాళ్లు పట్టుకుని రంజిత్ ఎక్కాడు. సాంబయ్య గేటు దాకా కూడా రాలేదు.

పట్టాభిరామయ్య తర్వాత కూడా రాలేదు. రావద్దని ఆయనతో ఎవరూ అనలేదు, రమ్మని ఎవరూ ఫోను చెయ్యలేదు. కొన్నాళ్లకు ఆమని ఉప్పల్ వెళ్లి చూస్తే గదికి కొత్తవాళ్లు వచ్చి ఉన్నారు. తాళంచెవి ఇచ్చి వెళ్లిపోయాడని, ఎటు వెళ్లేదీ చెప్పలేదని ఇంటావిడ చెప్పింది. పైగదిలో కిటికీ గట్టు మీది సబ్బులన్నీ ఊడ్పులో పోయాయి.

కుళాయి గట్టు మీదది మిగిలింది. పని దిగినవాళ్లందరూ దానితోనే గ్రీజు కడుక్కున్నారు. ఎన్నో చేతుల్లో తిరిగి తిరిగి రెక్కలన్నీ అరిగిపోయి, ఎవరి అరచేతినీ గీరని నున్నటి గుండ్రటి ముక్క అయింది. దాని ఒక పక్కన బెజ్జం అలాగే ఉంది. బెజ్జంలో అగ్గిపుల్ల, నీళ్లకు ఉబ్బి బిగుసుకుని, రంగు వెలిసిన తల బయటికి పెట్టి అలాగే ఉంది.