సెలవుల తర్వాత రెండో మంగళవారం

మాది పెద్ద దేశం. ఒక కొసన వాన వదలకముందే ఇంకో కొసన మంచు మొదలవుతుంది. ఆ మధ్యలో ఎర్ర కొండ మీద ఆకులు రంగు తిరిగి ఉండేది పట్టుమని నెల్లాళ్లు కూడా కాదు. సరిగ్గా అప్పుడే దేశమంతటికీ ఎనిమిది రోజుల సెలవులిస్తారు. ఇంకేముంది, కొండ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ సెలవుల తేదీలు పెట్టిన మహానుభావుడు దొరికితే నాలుగు చీవాట్లు పెడదామని ఇరవై రెండేళ్లుగా ఎదురు చూస్తున్నాను.

నా ఉద్యోగం ప్రయాణాల ఆఫీసులో. కిటికీ పక్క బల్ల నాది. వెనక గోడకి నేను సొంతంగా గీసిన చార్టు ఉంటుంది. ఎక్కడ ఎప్పుడు వాన ఆగుతుంది, ఎక్కడ ఆకు రాలుతుంది, ఏ రైలు ఖాళీగా వస్తుంది, అన్నీ రంగు పెన్సిళ్లతో రాసి పెట్టాను. నాకు నచ్చిన మనిషి వస్తే చివర్లో గొంతు తగ్గించి ఒక్క మాట చెబుతాను. "ఎర్ర కొండకి సెలవులు అయిపోయాక రెండో మంగళవారం వెళ్లండి. నరమానవుడు ఉండడు. ఎవరితోనూ అనకండి." మా మేనేజరుకి కూడా ఆ సంగతి తెలియదు.

ఇంత చెప్పేదాన్ని, ఆ కొండ నేను చూశానా అంటే, లేదు. సీజన్లో నాకు సెలవు ఎవరిస్తారు?

మొన్న ఎండాకాలంలో మా అక్క కళ్ల డాక్టరు దగ్గర్నుంచి తిన్నగా నా ఆఫీసుకి వచ్చింది. అక్క దర్జీ. అమ్మ పోయాక మిషను తొక్కి నన్ను చదివించింది తనే. రెండేళ్లుగా నీటికాసుల జబ్బు. చుట్టూ చీకటి పడి, ఎదురుగా ఒక పళ్లెమంత మేర మాత్రం కనబడుతోంది. చలికాలం దాటాక అదైనా మిగులుతుందో లేదో చెప్పలేనన్నాడట డాక్టరు. వచ్చి, అందరిలాగే నా బల్ల ముందు కుర్చీలో కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది.

"ఏమే, నీ దగ్గర ఎర్ర కొండకి టికెట్లున్నాయా?"

"ఉన్నాయి. ఎందుకు?"

"ముప్ఫై ఏళ్లు ఎర్ర గుడ్డలు కుట్టాను. చెట్టుకి ఆ రంగు ఎలా ఉంటుందో ఒక్కసారి చూస్తా. ఆపైన కళ్లు పోతే పోనీ."

"పోతే పోనీ ఏమిటి, నోటికెంతొస్తే అంతేనా!" అని కసిరాను. నాకు ఏడుపు రావాల్సిన చోట ముందు కోపం వస్తుంది, ఏం చెయ్యను.

"ఒకటే మాట," అంది అక్క. "జనముంటే నేను బస్సు దిగను. ముందే చెబుతున్నా."

పక్కనుంచి వచ్చే మనిషి తనకి కనబడడు. బజారులో రెండుసార్లు గుద్దుకుని పడింది. అప్పట్నుంచి నలుగురు కనబడితే చాలు, అడుగు ముందుకెయ్యదు.

"నరమానవుడు ఉండడు. నన్ను నమ్ము," అన్నాను.

ప్రయాణం దగ్గరపడ్డ నెలంతా రోజూ పొద్దున్నే కొండ కింద బస్టాండుకి ఫోను చేసి "ఆకు రాలిందా?" అని అడిగేదాన్ని. "మీకు వేరే పని లేదాండీ?" అని విసుక్కునేవాడు టికెట్ల గుమాస్తా. మధ్యలో గాలివాన వస్తుందన్నారు. నా తల ప్రాణం తోకకొచ్చింది. అది దయతలచి వేరే వైపు పోయింది. చివరికి మేనేజరుతో పోట్లాడి సెలవు పుచ్చుకుని, ఒక రాత్రీ ఒక పగలూ రైల్లో కూర్చుని, తర్వాత బస్సెక్కి, రెండో మంగళవారం కొండ మీద దిగబోయాం. మంచి ఎండ. గాలి లేదు. ఒక్క ఆకు రాలలేదు.

దారి నిండా జనం.

"జనమేనా?" అంది అక్క, ఆ రొద వింటూ.

"కొంచెం."

"కొంచెమంటే?"

బస్సు మెట్టు మీద నిలబడి చూశాను. ఇంతలో జనంలోంచి ఒకాయన చెయ్యి ఊపాడు. "మేడమ్! మీరు చెప్పిన రోజే వచ్చేశాం!" రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన వెనక ఆస్పత్రి నర్సమ్మ. ఆవిడ పక్కన కవల పిల్లల తల్లి. ఎటు చూసినా నా బల్ల ముందు కూర్చున్న మొహాలే! "మా చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పలేదండీ," అని ఒకావిడ ఆ చెల్లెల్నీ, చెల్లెలి అత్తగారినీ, ఆవిడ స్నేహితురాళ్లనీ చూపించింది. ఒక్కొక్కరి చెవిలో చెప్పుకుంటూ పోయాను గానీ, ఆ చెవులన్నీ ఒకనాడు ఒకచోట చేరతాయని నా మట్టిబుర్రకి తట్టలేదు.

"ఎవరితోనూ అనకండి అంటే వినబడలేదా మీకు!" అని అరిచాను. అంతలోనే మెట్టు మీద కూలబడి భోరుమన్నాను. "మా అక్కకి చూపు పోతోందండీ. ఒక్కసారి చూస్తానంది. ఈ జనంలో నడవలేదు. అంతా నేనే చేశాను."

మాస్టారు వెనక్కి తిరిగి క్లాసులో అరిచినట్టు అరిచారు. "అందరూ ఎడమ పక్కకి! ఒకటే వరస!" అంతమందీ కిమ్మనకుండా జరిగారు. ఆయన బస్సు లోపలికి చెయ్యి చాపారు.

"రండమ్మా. ఇక్కడొక మెట్టుంది."

అక్క చాలాసేపు ఆ చేతినే చూసింది. తర్వాత పట్టుకుంది.

ఆయన నర్సమ్మకి అందించారు. "ఇంకో మెట్టండీ." నర్సమ్మ కవలల తల్లికి. "ఇక్కణ్ణుంచి చదునే." ఆవిడ ఇంకొకరికి. అలా చేతి నుంచి చేతికి వంద అడుగులు. నేను వెనక ముక్కు చీదుకుంటూ నడిచాను. సగం దూరం వచ్చేసరికి అక్క తన పళ్లెమంత చూపులో పడ్డ చొక్కా చేతుల్నల్లా పట్టి చూస్తూ, "ఇదెవరు కుట్టారమ్మా, మడత వంకరపోయింది," అని వంకలు కూడా పెట్టింది.

దారి చివర కమ్మీ పట్టుకుని ఎదుటి కొండవాలు చూసింది. ఒకేసారి అంతా కనబడదు కదా, తల మెల్లగా తిప్పుతూ కొంచెం కొంచెంగా చూసింది. వెనక ఎవరూ తొందరపెట్టలేదు.

"ఎరుపంటే ఒకటి కాదే," అంది. "ఇన్ని ఎరుపులు నేను జన్మలో కుట్టలేదు." మళ్లీ చూసింది. "నువ్వు చూస్తున్నావా?"

"నిన్ను చూస్తున్నా."

"నన్నెందుకు, రోజూ ఇంట్లో ఉండేదాన్నేగా. కొండ చూడు."

"చూస్తాలే."

"లే కాదు. వచ్చే ఏడు మళ్లీ వద్దాం. అప్పటికి నాకు కనబడదు, నువ్వే చెప్పాలి. అందుకని ఇప్పుడు సరిగ్గా చూసుకో. ఒక్క చెట్టు కూడా వదలకు."

నేను కళ్లు తుడుచుకుని, ఎడమ చివరనున్న మొదటి చెట్టుతో మొదలుపెట్టాను.