టీతో పాటు మోసిన జవాబులు

పలహారానికి ఒగ్గాణి చేద్దామని బొరుగులు తడిపి పిండుతున్నాను. పక్కన హేమ మిరపకాయ బజ్జీలు వేస్తోంది. నా మనవడు ప్రతాప్ పెళ్లాం ఈ హేమ. ఆరోజు యాడికి ఊళ్లోని మా ఇంటికి తాడిపత్రి నుంచి జమాల్ బాషా వచ్చాడు. లారీ నడపడం నేర్పే బడి ఆయనది. అసలు లారీ ఎక్కే ముందు కంప్యూటర్ తెర ముందు స్టీరింగ్ పట్టుకుని నేర్చుకోవాలట. అందుకు తెర మీద రోడ్డు, మలుపులు, ఎదురొచ్చే బండ్లు అన్నీ తయారు చేయాలి. ఏ సాఫ్ట్‌వేర్‌తో చేయాలో నాలుగైదు చేసి చూసి ఎంచింది హేమ. హాల్లో కూర్చుని చెబుతున్నది ప్రతాప్. "పరాయి మగోళ్ల ముందరికి కోడలెందుకు, నువ్వు ఈడే ఉండు" అని పొద్దున ఆ పిల్లను ఆపింది నేనే.

నేను హాల్లోకి మంచినీళ్లు తెచ్చేసరికి, "ఏమప్పా, తళతళ మెరిసేది వదిలి ఈ సాదాది ఎందుకు ఎంచినావు?" అన్నాడు బాషా.

ప్రతాప్ గొంతు సవరించుకున్నాడు. "అవ్వా, టీ ఏమాయెనో చూడు."

వాడి సైగ అర్థమై వంటింట్లోకి వచ్చి బాషా ప్రశ్న హేమను అడిగాను. ఆ పిల్ల నూనె మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "ఆ మెరిసేదానికి పెద్ద కంప్యూటర్ కావాలవ్వా. వాళ్ల పాతవాటిల్లో బొమ్మ ఆగి ఆగి కదుల్తాది. బ్రేకు తొక్కినాక బండి ఆలస్యంగా నిలిస్తే, నేర్చుకునేవాని కాలు తప్పు నేర్చుకుంటాది."

టీ అందిస్తూ ఆ మాటలు ప్రతాప్ చెవిలో వేశాను. ఒక్కటీ మర్చిపోలేదని నాలో నేనే మురిసిపోయాను కూడా. ఆడోళ్ల మాట గడప దాటితే ఇంటికి మర్యాద ఉండదనేవాడు మా ఆయన. నలభై ఏండ్లు దాటనివ్వలేదు. ఇప్పుడు హేమ మాట దాటిస్తున్నాను గదా అనుకున్నాను, ఇంకొకరి పేరు మీద దాటిస్తున్నానని తట్టలేదు.

"బండ్లు తొక్కి గింజలు రాలాలని రోడ్డు మీద కందికట్టె పరిచింటారు గదా, చక్రం జారేది ఇందులో చూపీవచ్చునా?" మళ్లీ అడిగాడు బాషా. మళ్లీ నేను లేచాను. జవాబు తెచ్చేసరికి ఆయన పగలబడి నవ్వాడు. "ఏమప్పా ప్రతాపూ, మీ అవ్వ లోపలికి పోయొచ్చినప్పుడంతా నీకు బుద్ధి వస్తాండాది!"

"మా అవ్వకేం తెలుసన్నా, ఊరికే తిరుగుతా ఉంటాది" అన్నాడు నా మనవడు.

తల ఎత్తలేకపోయాను. వాడు నన్నన్నందుకు కాదు. ఆ నవ్వు లోపలున్న హేమకీ వినబడి ఉంటుంది.

బాషా నవ్వు ఆపి చెప్పాడు. "నాకు నచ్చింది. ఇది ఎంచిన మనిషే వచ్చి నా బడిలో కూర్చోవాల. సోమవారం నుంచి జీతం."

"వస్తానన్నా" అన్నాడు ప్రతాప్. గుటక కూడా వేయలేదు.

వంటింట్లోకి నడిచాను. బజ్జీల గరిటె పట్టుకుని, బుగ్గ మీద శనగపిండితో, పరీక్షలో తర్వాతి ప్రశ్న కోసం చూసే పిల్లలా హేమ నా వైపు తిరిగింది.

"ఈసారి ఏమడిగినాడవ్వా?"

ఆ ముఖం చూడలేక పొయ్యి ఆపేశాను. గరిటె లాక్కున్నాను.

"చెయ్యి కడుక్కో. ఈ పని చేసిన మనిషి కావాలంట. నేనింక మోయను, నువ్వే పో."