మురికి వదలని బొంత

మా రెండెకరాల చౌడు చేను ఒక్క హులిగెమ్మవ్వకే అక్కరకొచ్చేది. ఊళ్లో బొంతలు ఉతికే ఆమె ప్రతి ఎండాకాలం చేనిపైన తేలిన తెల్లమట్టిని చేటకెత్తుకుని పోయేది. దాన్ని నీళ్లలో కలిపి బొంతల్ని ఉడకబెడితే ఎంత జిడ్డైనా వదిలేది. మా ఆయన బతికున్నన్నాళ్లూ అందులో విత్తుతూనే ఉన్నాడు. మొలకలు మాడుతూనే ఉన్నాయి.

ఆయన పోయాక చేను నా పేరున, మరిది ఓబుళేశు పేరున వచ్చింది. బేతంచెర్ల దారిలోని ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీకి బురద పారబోసే చోటు కావాలని ఓబుళేశు కబురు తెచ్చాడు.

"ఇచ్చేద్దాం వదినా. ఏం పండుతాదని పట్టుకోనుండావు?"

"ఆ బురద పడినాక అది మళ్లా చేను అయితాదా అప్పా?"

"ఇప్పుడు మాత్రం చేనా? చాకిరేవు!"

రైతు సేవా కేంద్రంలో పనిచేసే యామినిని అడిగితే జిప్సం చల్లమంది. అది విని ఓబుళేశు, నాకు సాయం చేద్దామనే, ఆ ఫ్యాక్టరీ నుంచే ఎండిన పాలిష్ పొడి ట్రాక్టరుతో తోలించి చేను మూల చల్లించాడు. తెల్లగా, మెత్తగా ఉంది కాబట్టి జిప్సమే అన్నాడు. మొదటి వానకు ఆ మూల గచ్చులాగా బిగుసుకుంది.

యామిని వచ్చి చూసి నవ్వింది.

"బట్టల సోడాలో ఉండే ఉప్పే మీ నేలను పట్టింది పెద్దమ్మా. అందుకే నీళ్లు కిందికి దిగవు. జిప్సం కరిగి ఆ ఉప్పును తోసేసి దాని చోట్లో కూచుంటాది. ఇది బండ పొడి. ఈ నేల్లో కరగదు. కరగనిది దేన్ని తోస్తాది?"

"తోసిన ఉప్పు యాడికి పోతాది?"

"వాననీళ్లతో కడిగి పంపాల. ఆ పని నీది."

ఓబుళేశు ఒక మెలిక పెట్టాడు. "వచ్చే ఎండాకాలం హులిగెమ్మ చేట నిండిందంటే చౌడు పోనట్లే. అప్పుడు నువ్వు సంతకం పెట్టాల."

సరేనన్నాను. జిప్సం చల్లి దున్నించాను. గట్లు ఎత్తు చేసి వాననీళ్లు నిలబెట్టాను. నీళ్లు టీ రంగుకు తిరిగాక పక్క చేలల్లోకి పారకుండా కాలువ తీసి వంకలోకి వదిలాను. తర్వాత పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి, పూతకొచ్చాక కలియదున్నించాను.

ఎండలు ముదిరాయి. ఒక పొద్దున చేనికి పోయాను. నేలంతా మళ్లీ తెల్లగా ఉంది. నా కళ్లముందరే హులిగెమ్మవ్వ చేట నింపుకుని పోయింది. ఓబుళేశు చూసి ఫోన్ తీశాడు.

మరుసటి రోజు ఫ్యాక్టరీ మనిషి కాగితాలతో మా అరుగు మీద కూర్చున్నాడు. నేను పెన్ను పట్టుకున్నాను. అంతలో వీధిలో కేకలు.

"ఏమ్మా సుబ్బలక్షుమ్మా! నీ మన్నుకు ఏం తెగులొచ్చిందే?"

హులిగెమ్మవ్వ తడి బొంతను తెచ్చి నా కాళ్ల ముందర ధబీమని పడేసింది. జిడ్డు ఎక్కడిది అక్కడే ఉంది.

"పొద్దుగూకులూ ఉడకబెడితిని. నురగ లేదు, జారుడు లేదు. కట్టెలు దండగ! బొంత ఇచ్చిన ఇంటామె నన్ను ఎన్ని మాటలనిందో!"

పెన్ను పక్కన పెట్టాను. తర్వాత నవ్వొచ్చింది. ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

"మతి పోయిందా ఏం?" అంది అవ్వ.

"చౌడు పోయింది అవ్వా! ఆ తెల్లది మిగిలిపోయిన జిప్సం."

ఓబుళేశు వంగి బొంతను వేళ్లతో రుద్ది చూశాడు. వేళ్లు వాసన చూసుకున్నాడు. ఫ్యాక్టరీ మనిషి వైపు తిరిగి, "మీరు ఇంకో చోటు చూసుకోండప్పా" అన్నాడు.

ఆ వానాకాలం కొర్ర వేశాం. నడుమెత్తు పెరిగి, వెన్నులు బరువుకు వంగాయి. పాలిష్ పొడి పడిన మూల మాత్రం ఇంకా బోడిగానే ఉంది. దాన్ని ఓబుళేశే గడ్డపారతో పెళ్లగిస్తున్నాడు.

మొదటి కొర్రలు చేటెడు హులిగెమ్మవ్వకు కొలిచాను, పైన నాలుగు బట్టల సబ్బులు పెట్టి. అవ్వ సబ్బును వాసన చూసి మూతి తిప్పింది.

"నీ చౌడంతగా జిడ్డు వదిలించదులే ఇది," అంది.