మడతయ్య స్టూలు

రెండో చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరించి, ఇస్త్రీపెట్టె మూత ఎత్తి బొగ్గుల్ని ఊదుతున్నాడు మడతయ్య. బూడిద లేచి కనుబొమల మీద వాలింది. వాలితే వాలనీ, అక్కడ నల్లవెంట్రుక మిగిలితే కదా. తడివేలితో పెట్టె అడుగును అంటీ అంటనట్టు తాకాడు. చుయ్యిమంది. కాలరు, భుజాలు, కఫ్ఫులు, చేతులు, ముందు, వెనక. ఆ వరస ఆయన ఏనాడూ తప్పలేదు. మెడ దగ్గర మొదలుపెట్టి వీపు దగ్గర వదిలెయ్యడం లోకమంతా చేసే పనే. కాకపోతే మడతయ్య దాన్ని చొక్కాలతో సరిపెట్టాడు, మనుషుల జోలికి పోలేదు.

భుజాల దాకా వచ్చేసరికి ఫోను మోగింది. వేరే ఊళ్లో ఉండే బావమరిది.

"బావా, అక్కకి బాలేదు. ఆస్పత్రిలో పెట్టాం. తెలివిలోనే ఉంది, మాట కూడా ఉంది. చూడాలనుంటే ఇవాళే బయల్దేరు. రేపనుకోకు."

మడతయ్య ఊఁ అన్నాడు. ఫోను జేబులో వేసుకుని, తిరిగి పెట్టె పట్టుకుని, అప్పటికే ఇస్త్రీ అయిన కాలరునే మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు.

ఆ కొట్టు మేడమెట్ల కింద ఉంది. పైకప్పు ఏటవాలు. ఎంతటి మొనగాడైనా లోపలికి రావాలంటే తల వంచాల్సిందే. మడతయ్య గొప్పతనం కాదు, మెట్ల గొప్పతనం. లోపల ఒక బల్ల, దాని మీద పాత దుప్పటి, దుప్పటి నిండా గోధుమరంగు మచ్చలు, గోడవార మూటలు. బల్లకి ఇవతల ఒక స్టూలు. స్టూలు మీద రంగురంగుల ముక్కలతో కుట్టిన చిన్న దిండు. ఆయన భార్య కుట్టింది. ఆ దిండు మీదే కూర్చుని ఆవిడ మడతలు వేసేది, ఈయన ఇస్త్రీ చేసేవాడు. మడతలు పెట్టింది ఆవిడ, మడతయ్య అయింది ఈయన. లోకంలో బిరుదులు ఇచ్చేవాళ్ల చూపు ఎప్పుడూ కొంచెం మెల్లే.

ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆవిడ తలగడ గలీబు ఒకటి సగం మడిచి, దాన్ని అరచేత్తో ఒకసారి నొక్కి, లేచి, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. టీ తేవడానికి అనుకున్నాడు. ఆ టీ ఇప్పటిదాకా రాలేదు. పోట్లాట లేదు. తాగుడు లేదు. చెయ్యి చేసుకున్న పాపాన ఆయన పోలేదు. లేమి ఉందిగాని అది పెళ్లినాటి నుంచీ ఉన్నదే, ఆ పూట కొత్తగా వచ్చింది కాదు. తమ్ముడింట్లో ఉందని తర్వాత తెలిసింది. "ఇస్త్రీ మిగిలింది, స్త్రీ మిగల్లేదు" అంది పక్కనున్న టీకొట్టామె, నవ్వించబోయి. మడతయ్యా నవ్వాడు. ఏడవడం కంటే అది చవక.

ఒకే ఒక్కసారి బావమరిది ఊరు వెళ్లాడు. ఆవిడ డాబా మీద బట్టలు ఆరేస్తోంది. రోడ్డుకి ఇవతల నిలబడి, ఆ తడిబట్టల నీళ్లు కారడం ఆగేదాకా చూసి, వెనక్కి వచ్చేశాడు. ఎందుకు వెళ్లావని అడగడానికి భయపడలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని భయపడ్డాడు.

ఆ భయానికి మందు వెనక సందులోనే దొరికింది. అక్కడొక పెద్ద భవనం ఉంది. మనుషుల మీద పరిశోధన చేసే సంస్థ. పరిశోధనకి మనిషి కావాలి. మనిషి సందు చివరే దొరుకుతుంటే ఊరవతలికి ఎవరు పోతారు? అలా ఏటా ఎవరో ఒకరు తల వంచి లోపలికొచ్చి, ఆవిడ స్టూలు మీద కూర్చుని, ఆవిడ ఎందుకు వెళ్లిందో ఈయన్ని అడిగేవారు. ఇంత చదివినవాళ్లు, ఇన్నిసార్లు అడుగుతున్నారు, ఎప్పుడో ఒకప్పుడు కారణం వాళ్లకే దొరక్కపోతుందా అని ఈయన ఆశ.

మొదట లెక్కలబాబు వచ్చాడు. కొలవడానికి కుదరనిది లోకంలో లేనేలేదని ఆయన మతం. భార్య వెళ్లడానికి కారణం ఏమిటో గళ్లల్లో పెట్టుకొచ్చాడు: పేదరికం, తాగుడు, హింస, ఇతరాలు. తెలీదు అనే గడి లేదా బాబూ అని అడిగితే, అది పెడితే లెక్క చెడుతుందన్నాడు. చివరికి ఇతరాల్లో టిక్కు పెట్టాడు. అప్పటినుంచి మడతయ్య ఇతరాల్లోనే ఒంటరి కాపురం చేస్తున్నాడు.

తర్వాత ఊఁకొట్టుబాబు. ఆయనకి లెక్కలంటే కిట్టవు. లోకంలో ఒకే నిజం ఉండదట, ఎవరికి తోచింది వాళ్ల నిజమట. రికార్డరు బల్ల మీద పెట్టి, మీకేమనిపిస్తోంది అని అడిగి, గంటలు గంటలు ఊఁ కొట్టేవాడు. నాకు అనిపించేది కాదు బాబూ, అసలు జరిగిందేమిటో చెప్పు అని ప్రాధేయపడ్డాడు మడతయ్య. మీరనుకునేదే జరిగింది అన్నాడాయన, ఎంతో మెత్తగా. అనుకోవడానికి ఏమీ దొరక్క, కుర్రాణ్ణి చూసి జాలేసి, మడతయ్య ఒక కథ అల్లి చెప్పాడు. కుర్రాడి కళ్లు చెమర్చాయి.

మూడోవాడు పిడికిలిబాబు. లెక్కలూ వద్దు, ఊఁలూ వద్దు, లోకాన్ని మార్చని చదువు చదువే కాదని బల్ల గుద్దేవాడు. గుద్దినప్పుడల్లా బొగ్గులు ఎగిరేవి. తప్పు నీది కాదన్నా, వ్యవస్థది అన్నాడు. ఆ రాత్రి మడతయ్యకి హాయిగా నిద్ర పట్టింది. తెల్లారి స్టూలు చూస్తే మళ్లీ మొదటికొచ్చింది. లేచి వెళ్లింది వ్యవస్థ కాదు కదా. వ్యవస్థ వాళ్ల పుస్తకంలో ఉండిపోయింది, అవస్థ ఈయన దగ్గర ఉండిపోయింది.

అక్కణ్ణించి మడతయ్య తెలివి మీరాడు. మొదటి ప్రశ్న వింటూనే వచ్చినవాడిది ఏ మతమో పట్టేసి, వాడికి కావలసిన సైజులో జవాబు మడతపెట్టి ఇచ్చేవాడు. ఇచ్చిన ప్రతిసారీ లోపల కొంచెం కమిలేది.

ఈ ఏడు వచ్చిన అమ్మాయి వేరు. ఇల్లు విడిచి వెళ్లిన భార్యల మీదే ఆమె పరిశోధన. వెళ్లినవాళ్లు దొరకరు కాబట్టి మిగిలిన మొగుళ్లని అడుగుతోంది. "ముందే సిద్ధాంతం పెట్టుకుని రాలేదు బాబాయ్. మీరు చెప్పేదాంట్లోంచే అది పుట్టాలి" అంది మొదటిరోజే. రాద్ధాంతం తప్ప సిద్ధాంతం ఎరగని మడతయ్యకి ఆ మాట నచ్చింది. ఏళ్ల తర్వాత మొదటిసారి నిజం చెప్పాడు, తెలీదమ్మా అని. ఆమె విసుక్కోలేదు. రాసుకుంది. పోయినవారం వచ్చి, అయిపోవచ్చింది బాబాయ్, బుధవారం నాలుగింటికొచ్చి అంతా చెప్తాను అని మాటిచ్చి, వైవా రోజున వేసుకునే తెల్లకోటు ఇస్త్రీకి ఇచ్చి వెళ్లింది.

ఇవాళ బుధవారం.

మధ్యాహ్నం బావమరిది మళ్లీ చేశాడు.

"ఎక్కడిదాకా వచ్చావ్ బావా?"

"ఇంకా బయల్దేరలేదు. నాలుగింటికి చిన్న పనుంది."

"పనా? అక్క అడుగుతోంది, ఆయన వస్తున్నాడా అని."

"ఆవిడ పనేరా. అయిపోగానే బస్సెక్కుతా."

టీ గ్లాసు బల్ల మీద పెడుతూ టీకొట్టామె ఈ ముక్కలు విననే వింది. సంగతంతా లాగింది కూడా. విని, నడుం మీద చెయ్యి పెట్టుకుని, మీ ఆవిడ మనసులో ఏముందో చెప్పడానికి మీ ఆవిడే ఉండగా వెనక సందు పిల్ల దేనికయ్యా అని కడిగేసింది.

"వట్టిచేతుల్తో ఎలా వెళ్లను?" అన్నాడు మడతయ్య.

"పళ్లు కొనుక్కెళ్లు."

ఆయన వట్టిచేతులు పళ్లతో నిండేవి కావు. మంచం మీదున్న మనిషి దగ్గర కూర్చుని, ఇన్నేళ్ల తర్వాత కూడా, ఎందుకెళ్లావే అని ఏ మొహంతో అడగడం? అది కూడా తెలుసుకోలేదా అని ఆవిడ మొహం తిప్పుకుంటే? అదే కారణం తెలుసుకుని వెళ్తే అడిగే పనే లేదు. పక్కన కూర్చుని, నాకు తెలిసిందిలే అనొచ్చు. ఆ ఒక్కమాట చేతపట్టుకుని వెళ్లాలని ఆయన తాపత్రయం. ఆలోచనలో పెట్టె కదపడం మరిచాడు. కమురు వాసన వచ్చాక ఎత్తి చూస్తే, ఎవరిదో దుప్పటి మీద పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. ఇన్నేళ్లలో బల్లమీది దుప్పటి కాలిందిగాని పరాయి దుప్పటి ఎన్నడూ కాలలేదు. దాన్ని మడతలోపలికి దాచబోయాడు. మడత కుదర్లేదు.

నాలుగు దాటింది. బస్సులు పోతున్న చప్పుడు సందులోకి వినబడుతూనే ఉంది. ఒక్కో బస్సుకీ లేచి నిలబడ్డాడు, ఒక్కో బస్సుకీ కూర్చున్నాడు. వీధిలోకి తొంగి చూసి, ఉండబట్టలేక కోటు తీసి బల్ల మీద పరిచి ఒక చెయ్యి ఇస్త్రీ చేశాడు.

అమ్మాయి వచ్చింది. తల వంచింది, స్టూలు మీద కూర్చుంది. మొహం వెలిగిపోతోంది.

"నిండిపోయింది బాబాయ్. ఒక దశ దాటాక ఇక ఎవరిని అడిగినా విన్నదే వస్తుంది, కొత్త సంగతి రాదు. అప్పుడు ఆపెయ్యాలి. మా సారు కూడా చాలన్నారు."

"మరి ఏం తేలిందమ్మా?"

ఆమె చెప్పింది. ఇళ్లల్లో ఆడవాళ్లు చేసే పని పనిగా ఎవరి కంటికీ ఆనదట. చేసిన చెయ్యి ఒకటి, పేరు ఇంకొకటి. ఏళ్లకేళ్లు అలా కనబడకుండా ఉన్న మనిషి, ఒకరోజు నిజంగానే కనబడకుండా పోతుందట. మడతయ్య పెట్టెని పక్కన నిలబెట్టాడు. మడతలు, మడతయ్య. ఇన్నేళ్లూ కారణం తన పేరులోనే ఉందా?

"అయితే మా ఆవిడ అందుకే వెళ్లిందా?"

అమ్మాయి చెప్పబోయి ఆగింది. మంచిపిల్ల. అబద్ధం నోటిదాకా వచ్చినా బయటికి రానివ్వలేదు.

"అలా చెప్పలేను బాబాయ్. కావచ్చు, కాకపోవచ్చు. సిద్ధాంతం ఒక్కళ్ల గురించి చెప్పదు. అందరిలో కనబడేదే చెప్తుంది."

"అందరూ నాకెందుకమ్మా" అన్నాడు మడతయ్య. "నాకున్నది ఒక్కతే."

బొగ్గు ఒకటి చిటపటమంది. అమ్మాయి స్టూలు మీద ఇబ్బందిగా కదిలింది. నోటికొచ్చింది అడిగేసింది.

"ఆవిడ ఇప్పుడెక్కడున్నారో తెలుసా బాబాయ్?"

మడతయ్య ఆమె వంక చూశాడు. ఎందుకు వెళ్లిందని ఇంతమంది అడిగారు. ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు. ఈ పిల్ల కూడా, ఇన్నిసార్లు వచ్చి, ఇవాళే అడిగింది.

"తెలుసు. రెండు గంటల దారి. పొద్దుట్నించీ నేను వస్తానని చూస్తోంది." చెప్తూనే లేచాడు. "వెళ్తానమ్మా. వెళ్లి అడిగేస్తా. ఏమంటే అననీ."

చెప్పుల్లో ఒక కాలు పెట్టాడు. ఫోను మోగింది.

"బావా." బావమరిది గొంతులో తొందర లేదు. ఆ తొందర లేకపోవడంతోనే తెలిసిపోయింది. "ఇప్పుడే."

మడతయ్య మెట్ల వాలు కింద వంగే నిలబడి ఉన్నాడు. "ఏమైనా అందా?"

"నువ్వు దార్లో ఉన్నావని చెప్పాను బావా. సరే అంది."

"ఇంకా?"

"అంతే."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇస్త్రీపెట్టె మూత తీసి, బొగ్గుల మీద చెంబుడు నీళ్లు పోశాడు. తెల్లగా ఆవిరి లేచి ఇద్దరి మొహాలూ కాసేపు కనబడలేదు. తర్వాత కోటు తీసి అమ్మాయి చేతికిచ్చాడు. ఒక చెయ్యి అయింది, ఒకటి కాలేదు, ఏమనుకోకు అన్నాడు. ఆమె ఏదో అనబోయింది. ఆయన అప్పటికే సందు దాటుతున్నాడు, బస్సాగే వైపు, రెండో చెప్పు సరిగా ఎక్కకపోతే మడమతో ఈడ్చుకుంటూ. టీకొట్టామె పిలిచింది. ఆయన తిరిగి చూడలేదు.

అమ్మాయి కోటు పట్టుకుని చాలాసేపు నిలబడింది. చీకటి పడుతుండగా ఆమె కూడా తల వంచుకుని వెళ్లిపోయింది. తలుపు వెయ్యాలని ఎవరికీ తోచలేదు.

లోపల బల్లకి ఇవతల స్టూలు, దాని మీద రంగురంగుల ముక్కల దిండు, దిండు మధ్యలో ఇన్నేళ్లుగా వచ్చి కూర్చున్న అందరూ కలిసి చేసిన గుంట. అందులో ఆ ఒక్కతి కూర్చున్న గుర్తు ఎక్కడో అడుగున.