గట్టిమేళం మింగిన అరుపు

ఏర్పేడులో మునిచంద్ర పొద్దున్నే లేచి వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ కూడా తాళం వేసేవాడు. ఆ ఇంట్లో సొట్ట పడని బిందె లేదు. వాళ్ళమ్మ జ్ఞానాంబ పెనం మీద దోసె పోస్తే అది చుయ్యిమన్న లెక్కకే ఇతడు గడప మీద దరువు ఎత్తుకునేవాడు. పుట్టిన గడియలో ఏడవనైనా ఏడవలేదట, మంత్రసాని మోచేతి మీద తాళం వేశాడట. ఆమె బతికున్నన్నాళ్ళూ ఆ మోచెయ్యి దానంతట అదే ఊగుతూ ఉండేది. చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు.

డోలు వాళ్ళ నాయన మునిరామయ్యది. వాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయాక కొడుకు భుజమెక్కింది. ఆ డోలు సంగతి చుట్టుపక్కల అందరూ ఎరిగిందే. తాళి కట్టే గడియలో అయ్యవారు వేలు ఆడించి "గట్టిమేళం!" అని కేకేస్తాడు గదా, ఎవరి తుమ్మూ ఏడుపూ పీటల మీదివాళ్ళ చెవిన పడకూడదని. వేరే ఊళ్ళలో మేళం ఆ చప్పుళ్ళను కప్పేస్తుంది. మునిరామయ్య డోలు మాత్రం మింగేస్తుంది. ముక్కు దాకా వచ్చిన తుమ్ము డోల్లోకి పోతే తుమ్మబోయినవాడు నోరు తెరుచుకుని నిలబడిపోతాడు. ఒకసారి మండపం పక్కన రైలు కూత పెట్టబోతే ఆ కూత కూడా పోయింది. పాపం ఆ రైలు గూడూరు దాకా మూగదై పోయింది.

మింగినవి ఊరికే పోవు, డోల్లోనే ఉంటాయి. అందుకే ఏటా ఆషాఢంలో, ముహూర్తాలు లేని నెలలో, మునిరామయ్య డోలును స్వర్ణముఖి ఇసకలోకి మోసుకుపోయి వార్లు విప్పి మూతలు మార్చేవాడు. ఏడాది పెళ్ళిళ్ళ తుమ్ములూ దగ్గులూ పెళ్ళికూతుళ్ళ తల్లుల వెక్కిళ్ళూ గుంపుగా లేచిపోయేవి. శ్రీకాళహస్తి దాకా జనం కారణం లేకుండా తుమ్మి, "మునిరామయ్య డోలు విప్పినట్టుండాడు" అని ముక్కు తుడుచుకుని పనుల్లో పడేవాళ్ళు.

ఆ దారిలో కల్యాణమండపాలన్నీ చెంగల్రాయుడివి. పెద్ద మండపం వెనక అతని గోడౌను. ధాన్యమని బోర్డు కట్టాడు గానీ, అందులో ఉండేది శేషాచలం అడవిలోంచి దొంగతనంగా దించిన ఎర్రచందనం. మీసం మొలిచీ మొలవక ముందే మునిచంద్ర అతని కారు తోలాడు, దుంగల లారీకి ముందర పోతూ ఫారెస్టోళ్ళు ఎక్కడున్నారో చూసి చెప్పే కారు. మునిచంద్ర మలుపు తిరిగితే ఫారెస్టు జీపు టైరు దానంతటదే గాలి వదిలేదని చెంగల్రాయుడు చంకలు గుద్దుకునేవాడు. నాయన చెయ్యి పడిపోయాక ఆ పని మానేసి డోలు పట్టాడు. మానేశాననే అనుకున్నాడు.

మాఘమాసంలో ఒక పెళ్ళికి ముందు చెంగల్రాయుడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మునీ, ఈ పొద్దు గట్టిమేళం ఆపొద్దు. నేను భుజమ్మీద టవలు తీసేదాకా కొట్టు."

"మూడు ముళ్ళకు అంతసేపు ఎందుకన్నా?"

"ఎనక కోత మిషను ఆడాల. ఇప్పుడు లారీని పోనీరు, కారులోనే దాటించాల. దుంగలు పొడుగుండాయి, పట్టవు. మిషను కూస్తే రోడ్డు మీద జీపు ఆగతాది. నీ డోలు మింగతాది గదా."

"అది తుమ్ములకన్నా."

"దానికి తెలుసునా తేడా? నా కారు తోలినప్పుడు నీకు తెలిసినాదా? గమ్మున కొట్టప్పా. నా మండపాలు కాదంటే ఇంగ యాడ కొడతావు, రైల్వేగేటు కాడనా?"

కొట్టాడు. తాళి కట్టేశారు, తలంబ్రాలు అయిపోయాయి, అయ్యవారి వేలు ఆడి ఆడి వాచిపోయింది. చుట్టాలు బంతిలో కూర్చుని పాయసం తాగి వచ్చినా గట్టిమేళం ఆగలేదు. పీటల మీద పెళ్ళికొడుకుకు గడ్డం మొలిచిందంటే నమ్మండి. అంతసేపూ వెనక ఏం జరుగుతోందో చీమకు కూడా వినిపించలేదు.

మేళంలో నాదస్వరం లీలావతిది. తిరుపతిలో సంగీతం చదువుకుని వచ్చిన పిల్ల, నోటికి అదుపు తక్కువ. "ఏమబ్బా, మనం వాయించేది పెండ్లికా, దండయాత్రకా? నా ఊపిరితిత్తులు నెల్లూరులో పడినాయి, పోయి తెచ్చుకోవాల" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "శ్రీకాళహస్తి అవతల పాతగుళ్ళో డోలు కొలువు ఖాళీ అయింది. ఆషాఢంలో పరీక్ష. పెద్దాయన వెంకటముని వింటాడంట. నువ్వొస్తే నేను పక్కన ఊదతా. ఎన్నాళ్ళని వీనికి కొడతావు?"

ఆ మాట విన్నప్పటినుంచీ మునిచంద్రకు అన్నం సయించలేదు. దేవుడి ముందర నిదానంగా ఒక కీర్తన వెంట నడుస్తూ వాయించాలని చిన్నప్పటి కోరిక. పెళ్ళిళ్ళలో ఎవడు వింటాడు? కానీ ముహూర్తం వచ్చేది, టవలు ఉండేది, చేతులు కొట్టేవి.

వైశాఖంలో ఒక పొద్దుటి పెళ్ళి. గట్టిమేళం మధ్యలో డోలు ఒడిలో ఉలిక్కిపడింది. మునిచంద్ర తలెత్తి చూస్తే వెనక తలుపులోంచి ఒక కూలీ బయటపడ్డాడు. కొండల అవతలి అరవదేశం నుంచి వచ్చిన మురుగేష్. చేతికి గోనెసంచి చుట్టుకున్నాడు, అది ఎర్రగా తడుస్తోంది. నోరు పూర్తిగా తెరిచే ఉంది, గొంతు లేదు.

"అన్నా, ఆపేదా?" అని అరిచాడు మునిచంద్ర.

చెంగల్రాయుడు ఏదో అన్నాడు. వినబడలేదు గానీ పెదాలు "కొట్రా" అన్నాయి. టవలు భుజం మీదే ఉంది. మునిచంద్ర కొట్టాడు.

ఆ రోజు డోలు ఎత్తబోతే లేవలేదు. నలుగురు పట్టి ఆటోలో వేస్తే ఆటో ముందుచక్రం గాల్లోకి లేచింది. ఇంట్లో మూతకు చెవి ఆనిస్తే తుమ్ముల కింద, మిషను రొద కింద, అట్టడుగున ఒకటే మాట తిరుగుతోంది. "అమ్మా."

మురుగేష్ బస్సు మీదనుంచి పడి చెయ్యి పోగొట్టుకున్నాడని చెంగల్రాయుడు ఆసుపత్రిలో చెప్పించాడు. అరుపు విన్నవాళ్ళు ఎవరూ లేరు గనక అదే నిజమైపోయింది.

ఆషాఢం రాగానే మురుగేష్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఖాళీగా వేలాడే చొక్కా కుడిచేతిని జేబులో దోపుకున్నాడు.

"అన్నా, నా అరుపు నీ తావ ఉండాది. ఇచ్చేయన్నా."

"ఇప్పుడది ఎందుకు మురుగేషూ?"

"ఏడుపు రాలేదన్నా. నోరు తెరస్తా, గాలి వస్తాది, అంతే. మా ఆవిడ గూడా నమ్మలే. అరవకుండా చెయ్యి ఎట్ట పోతాదంటా ఉండాది."

జ్ఞానాంబ మజ్జిగ తెచ్చి మురుగేష్ ఎడమచేతికి ఇచ్చి లోపలికి పోయింది.

"విప్పురా" అన్నాడు మునిరామయ్య మంచం మీదనుంచి.

"విప్పితే అరుపొకటే వస్తాదా నాయనా? మిషను వస్తాది, చెంగల్రాయుడి మాటొస్తాది, 'ఆపేదా' అని నేనన్నదీ వస్తాది. నన్ను గూడా తీసుకపోతారు."

"విప్పకపోతే పరీక్షలో ఏం వాయిస్తావు? అది పలకతాదా?"

పలకదని తెలుసు. మూడు దెబ్బలు వేసి చూసుకున్నాడు. నానిన గుమ్మడికాయ మీద కొట్టినట్టుంది. సాయంత్రం చెంగల్రాయుడు కారు దిగకుండానే చెప్పి పోయాడు. "మూత మార్చాలని చూస్తే జాగర్త. అందులో నీ గొంతు గూడా ఉండాది."

విప్పితే కొలువు పోతుంది, విప్పకపోతే నాదమే లేదు. ఎటు జరిగినా గోడే. చేసేది లేక, పరీక్ష రోజున ఆ డోలునే ఎడ్లబండిలో వేయించుకుని పోయాడు. ఎడ్లు దారి పొడుగునా మోకాళ్ళ మీద నడిచాయి.

గుడి మండపంలో వెంకటముని కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మునిరామయ్య స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. మురుగేష్ బండి వెనకే నడిచి వచ్చి గడప బయట నిలబడ్డాడు, పిలవని చుట్టంలా.

లీలావతి నాదస్వరం ఎత్తింది. మునిచంద్ర వేళ్ళకు తొడుగులు వేసుకుని కొట్టాడు. దబ్. మళ్ళీ కొట్టాడు. దబ్.

"ఏం నాయనా, డోలు తెచ్చినావా, ధాన్యం మూట తెచ్చినావా?" అన్నాడు వెంకటముని కళ్ళు తెరవకుండానే.

మునిచంద్ర మళ్ళీ మళ్ళీ కొట్టాడు. చెమట కారి మండపంలో అడుగు ఎత్తున నిలిచింది. డోలు పలకలేదు. తలెత్తితే గడప అవతల మురుగేష్ నోరు తెరుచుకుని ఉన్నాడు, వైశాఖంలో తెరిచిన నోరే, ఇంకా మూతపడనట్టు.

ధైర్యం వచ్చి చేసింది కాదు. వేరే ఏదీ చేయలేక మునిచంద్ర వేళ్ళు వారు ముడి లాగాయి.

ముందు తుమ్ములు వచ్చాయి. వెంకటముని మొదలు పావురాల దాకా అందరూ తుమ్మారు. తల్లుల వెక్కిళ్ళు వచ్చి స్తంభాల చుట్టూ తిరిగిపోయాయి. తర్వాత మిషను రొద గోపురం దాటి బయటికి పోయింది. "దుంగలు మండపం ఎనక నుంచే ఎత్తండ్రా" అన్న చెంగల్రాయుడి గొంతు దాని వెంట పోయింది. "అన్నా, ఆపేదా?" పోయింది. "కొట్రా!" పోయింది. అవి ఏ దారిన పోయాయో గానీ, రోడ్డు మీద ఫారెస్టు స్టేషన్ కిటికీలో దూరి అక్కడివాళ్ళ టీగ్లాసుల పక్కన కూర్చున్నాయి.

అన్నిటికంటే చివర అరుపు వచ్చింది. అది ఎటూ పోలేదు. నేరుగా గడప దాటి తనవాడి నోట్లోకి దూరింది.

"అమ్మా!"

మురుగేష్ కూలబడి ఏడవసాగాడు. ఎవరూ ఊరుకోబెట్టలేదు.

మునిచంద్ర వార్లు బిగించాడు. "ఊదు" అన్నాడు లీలావతితో.

ఈసారి డోలు పలికింది. మునిరామయ్య పడిపోయిన చేతి వేళ్ళు కూడా తొడ మీద కదిలాయి. కానీ బయటి ఏడుపు దరువుకు అడ్డం వస్తూనే ఉంది. డోలు దాన్ని మింగలేదు. ఆ గుణం పోయింది. మునిచంద్ర ఒక్క క్షణం తడబడి, గట్టిగా కొట్టడం ఒక్కటే నేర్చిన చెయ్యిని తగ్గించాడు. ఏడుపు లేచినప్పుడు తను వెనక్కి జరిగాడు, అది ఊపిరి పీల్చుకున్నప్పుడు రెండు చిన్న దెబ్బలు వేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఒకరి ఏడుపుకు చోటిచ్చి వాయించడం అదే మొదలు.

కీర్తన అయ్యేసరికి గుమ్మంలో ఫారెస్టోళ్ళు చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు. గోడౌనులో దొరికిన చెంగల్రాయుడిని జీపులో ఎక్కించుకునే వచ్చారు.

వెంకటముని కళ్ళు తెరిచాడు. "కొలువు నీదే అనాల. నువ్వేమో ఈడ ఉండవు గదా నాయనా."

"ఉండనయ్యా" అన్నాడు మునిచంద్ర. వేళ్ళ తొడుగులు ఒక్కొక్కటే తీసి నాయన ఒళ్ళో పెట్టి జీపు ఎక్కాడు.

డోలు ఇప్పుడు దూదిమూటంత తేలిక. మునిరామయ్య ముందు, మురుగేష్ వెనక, ఉన్న ఒక్కో చేత్తో దాన్ని పట్టుకుని ఏర్పేడు దారి పట్టారు. మురుగేష్ ఏడుస్తూనే మోశాడు. మునిరామయ్య ఊరుకోమనలేదు, అడుగు కలిపి నడిచాడు.