మాటాపలుకూ లేని పెంకి

పెంకి కీచుమనలేదు. దాని మెడ వెనక, నడిపేవాళ్ళ పీట మీద కూర్చున్న అమ్మమ్మ లాగిన మీటను అలాగే పట్టుకుని చెవులు రిక్కించింది. ఆవిరి బుస తప్ప ఇంకేమీ వినిపించలేదు.

పెంకి అంటే మేక. రెండంతస్తుల ఎత్తు, రాగి రేకుల ఒళ్ళు, పొట్టలో బాయిలరు, కొమ్ముల్లోంచి పొగ. అది తిరిగే వీధి వీధంతా మెట్లే, మొత్తం రెండువందలు. చక్రాల బండి ఏదీ ఎక్కలేని ఆ మెట్ల మీద ముప్పై ఏళ్ళుగా మనుషుల్నీ మూటల్నీ పైపేటకు మోస్తున్నది అదొక్కటే. ఇవాళ దానికి పరీక్ష. నిండు బరువుతో పైదాకా ఎక్కాలి. మూడుసార్లు తడబడినా, మధ్యలో అయిదు నిమిషాలకు మించి ఆగినా కొలిమికి పంపి కరిగించేస్తారు. ఆ మాట చెప్పిన బాయిలర్ల అధికారి వెనక బల్ల మీద, ఇసుక బస్తాల మధ్య ఇరుక్కుని, ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చున్నాడు.

అమ్మమ్మ పక్కన పదకొండేళ్ళ మనవరాలు మాత్రం ముసిముసిగా నవ్వుకుంటోంది. జేబుల్లో ఇనుప సామాను గలగలలాడించుకుంటూ తిరుగుతుందని వీధిలో అందరూ ఆ పిల్లను బోల్టు అంటారు. అమ్మమ్మ మూడు రోజులు జ్వరంతో మంచం పడితే, బోల్టు షెడ్డులో దూరి, పెంకి మోకాళ్ళు విప్పి, కొత్త తోలు వాషర్లు వేసి, నూనె పోసి బిగించింది. ఒక్క కీచు కూడా మిగల్లేదు. పైకెక్కాక చెబుదామని గుట్టుగా ఉంచింది.

అయిదో మెట్టు దగ్గర పెంకి వెనక కాలు అంచుకు కొట్టుకుని ఒళ్ళంతా ఊగిపోయింది. పన్నెండో మెట్టు దగ్గర మళ్ళీ. అధికారి ఫైల్లో రెండో గీత గీశాడు.

అమ్మమ్మ మీటలన్నీ వదిలేసి పెంకిని ఆపింది. "దీనికేమైందే? నోరు పడిపోయినట్టుంది. ఏ కాలు ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది?"

బోల్టు నవ్వు ఆరిపోయింది. పీట మీంచి చూస్తే పెంకి పొట్ట అడ్డం, కాళ్ళు కనబడవు. అమ్మమ్మ దాన్ని ఇన్నేళ్ళూ చెవులతోనే నడిపింది. ముందు కుడికాలు లేస్తే కిర్రుమనేది. ముందు ఎడమది ఎక్కిళ్ళు పెట్టేది. వెనక కుడిది పళ్ళెం మీద గరిటె పడ్డట్టు ఠంగుమనేది. వెనక ఎడమది గురక. ఏ చప్పుడైతే ఆ మీట. అది అమ్మమ్మ చేతులకు అబ్బిన విద్య. నోటితో చెప్పాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

బోల్టు చేసిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసి, తిట్టమని తలవంచుకుంది.

"నాలుగూ విప్పావా?" అంది అమ్మమ్మ.

"నాలుగూ."

"ఒక్కదానివే?"

బోల్టు తలూపింది. అమ్మమ్మ కళ్ళలో కోపం రావలసిన చోట గర్వం తొంగిచూసింది. "సరే, తిట్లు పైకెళ్ళాక తీరిగ్గా తిడతాను. ముందు దాని కాళ్ళు కనిపించే చోటికి పో, తల్లీ."

పొట్ట కింద నూనె పోయడానికి వేలాడదీసిన పలక ఉంది. బోల్టు గొలుసు పట్టుకుని జారి, దాని మీద బోర్లా పడుకుంది. నాలుగు గిట్టలూ కళ్ళెదుట కనిపించాయి. పెంకి కదిలింది. ముందు కుడి, ముందు ఎడమ అంటూ బోల్టు అరిచింది. కానీ మాట పూర్తయ్యేసరికి ఆ కాలు కాస్తా దిగిపోతోంది. ఇరవయ్యో మెట్టు దగ్గర వెనక గిట్ట అంచు మీద జారి, వెంట్రుకవాసిలో నిలదొక్కుకుంది. అధికారి మూడో గీత గీయబోయి ఆగాడు.

ఇక మాటలతో లాభం లేదు. బోల్టు ఊపిరి బిగబట్టి, "కిర్ర్" అంది. పైన మీట టక్కున పడింది. "హిక్." ఇంకో మీట. "ఠంగ్. గుర్ర్ర్."

పెంకి పరుగందుకుంది. అమ్మమ్మ చేతులకు ప్రాణం లేచొచ్చింది. కిర్ర్, హిక్, ఠంగ్, గుర్ర్. కిటికీల్లోంచి జనం తొంగిచూశారు. మేక పొట్టలో గురకేమిటని ఒకాయన గడ్డం సబ్బు తుడుచుకోకుండానే వీధిలోకొచ్చాడు. బోల్టు గొంతు నూరో మెట్టుకు బొంగురుపోయింది, నూట యాభైకి పీలగా మారింది. ఆఖరి మెట్టు మీద గురక పెడితే దగ్గొచ్చింది. అయినా అమ్మమ్మ సరైన మీటే లాగింది.

అధికారి దిగి, కొమ్ముల దగ్గర్నుంచి గిట్టల దాకా చూశాడు. మోకాలి బిగింపు వేలితో తడిమి, ఇంత శుభ్రమైన పని ఏ మేస్త్రీ చేశాడని అడిగాడు. అమ్మమ్మ పొట్ట కింది పలక వైపు వేలు చూపించింది. నూనె కారుతున్న ముక్కుతో బోల్టు బయటికొచ్చింది.

ఆయన నవ్వు ఆపుకోవడానికి కాసేపు ఫైలు తిరగేశాడు. తడబాట్లు రెండేనని, పెంకి పరీక్ష నెగ్గిందని, అయితే దాన్ని నడపడానికి ఇకమీదట ఇద్దరుండాలని రాసి ముద్ర గుద్దాడు.

బోల్టు అమ్మమ్మ నడుం చుట్టేసి, బొంగురు గొంతుతో వాషర్లు ఇప్పుడే తీసేస్తానంది.

"ఉండనీ. నీకు గొంతు లేదుగా, దిగేటప్పుడు మీటల దగ్గర నువ్వు కూర్చో," అంటూ అమ్మమ్మ చీర చెంగు బిగించి గొలుసు పట్టుకుంది. "పలక మీద నేను పడుకుంటా."

అధికారి వాళ్ళిద్దర్నీ చూసి, ఫైలు చంకన పెట్టుకుని, మెట్లు దిగి నడిచి వెళ్ళడానికే నిశ్చయించుకున్నాడు.