గేటు దగ్గరి చూపు

అడుగున చీరలు పరిచి, వాటి మీద తువ్వాలు పెట్టాను. సబ్బుపెట్టె, దువ్వెన ఒక పక్కకి సర్ది, జాకెట్లు చుట్టలు చుట్టి మూలల్లో దోపాను. దారిలో వెతుక్కోకుండా మందుల పొట్లం పైనే ఉంచాను. సంచి జిప్పు లాగి, మళ్ళీ తీసి చూసుకుని, మళ్ళీ లాగాను.

"అమ్మమ్మా, పాత పేపర్లు కుక్కమన్నాను కదా. ఇది షూటింగే తల్లీ, ఎవరూ ఎక్కడికీ వెళ్ళట్లేదు," అంది నా మనవరాలు.

"బరువుంటేనే మనిషి భుజం వంగుతుంది. పేపర్లకి వంగుతుందా?"

కెమెరా బిగిస్తున్న దాని స్నేహితురాలు నవ్వింది. ఆ పిల్లని మా ఇంట్లో కళ్ళజోడు అంటాం. "మామ్మగారికి మా మేష్టారి కన్నా ఎక్కువ తెలుసే," అంది.

మనవరాలు కాలేజీలో వీడియోలు తీయడం చదువుతోంది. ఈసారి పరీక్షకి, వాళ్ళ క్లాసు పిల్లలే కట్టి పాడిన ఒక వీడ్కోలు పాటకి వీడియో తీయాలి. అలాంటి పాటల్లో అందరూ తీసేవన్నీ మేష్టారు బోర్డు మీద రాశారట. వాన, పరుగెత్తుకొచ్చే ప్రియుడు, నెమ్మదిగా కదిలే కాళ్ళు, వెళ్ళే మనిషి గేటు దగ్గర ఆగి వెనక్కి చూడటం. చూసేవాళ్ళకి అలవాటైనవి కనుక కొన్ని వాడుకోండి, వాళ్ళు ఉలిక్కిపడాలి కనుక కొన్ని విరగ్గొట్టండి అన్నారట.

మనవరాలు వాన తీసేసి మిట్టమధ్యాహ్నపు ఎండ పెట్టింది. ప్రియుణ్ణి తీసేసి, పిల్లని వదిలి వెళ్ళే తల్లిని పెట్టింది. ఆ తల్లి తనే. గుమ్మంలో నిలబడే అమ్మమ్మని నేను. నెమ్మదిగా కదిలే కాళ్ళు ఉంచింది. గేటు దగ్గరి చూపు కూడా ఉంచింది.

"మేష్టారు ముందు దాన్నే విరగ్గొట్టమన్నారు మామ్మగారూ. ప్రతి పాటలోనూ చూసి చూసి విసుగొచ్చిందట. ఇది వింటేగా," అంది కళ్ళజోడు.

"వినను. మిగతావి పాటల్లోవి. అది మా ఇంట్లో జరిగింది. మా అమ్మ గేటు దగ్గర ఆగి మూడుసార్లు వెనక్కి చూసింది. అమ్మమ్మ చంకలో నేనున్నాను. అవునా కాదా అమ్మమ్మా?"

"ముందు మంచినీళ్ళు తాగు. ఎండకి కళ్ళు తిరుగుతాయి," అన్నాను.

దాని తల్లి నా ఒక్కగానొక్క కూతురు. భర్త పోయిన ఏడాదికి, వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికిందంది. గది కుదరగానే వచ్చి పిల్లని తీసుకెళ్తానంది. రెండు ఉత్తరాలు రాసింది. ఆ తర్వాత నేను రాసినవన్నీ, ఆ చిరునామాలో ఎవరూ లేరని తిరిగొచ్చాయి. అప్పటినుంచి ఎవరు గడప దాటినా నా కళ్ళు వాళ్ళ వెంటే పోతాయి. మనవరాలు కాలేజీకి బయల్దేరితే అది సందు మలుపు తిరిగేదాకా గుమ్మం వదలను.

అది వాళ్ళమ్మ నీలం చీర కట్టుకుని వచ్చింది. సంచి తగిలించుకుని మెట్లు దిగింది. భుజం వంగింది. గేటు చేరి, గడియ మీద చెయ్యి వేసి, ఆగి, నా వైపు తిరిగింది.

"మామ్మగారూ, అది మీ వైపు చూస్తుంటే మీరు నేల చూస్తారేంటి? చెప్పులు పోయాయా?" అంది కళ్ళజోడు.

రెండోసారీ అంతే. మూడోసారి కళ్ళజోడు తల పట్టుకుంది. "అది నడుస్తున్నంతసేపూ ఎంత బాగా చూస్తారండీ. తిరగ్గానే ఏమైపోతారు?"

సంచి సర్దడం నా చేతులకి తెలుసు. పోతున్న వీపుని చూడటం నా కళ్ళకి తెలుసు. అటునుంచి ముఖం తిరిగితే ఏం చెయ్యాలో నా ఒంట్లో దేనికీ తెలియదు.

మనవరాలు మెట్ల దగ్గరకి వచ్చింది. సంచి దించలేదు. "నువ్వు నటించొద్దు అమ్మమ్మా. ఆ రోజు అమ్మ చూసినప్పుడు ఏం చేశావో అదే చెయ్యి చాలు."

చెయ్యి ఊపానని అనొచ్చు. అబద్ధానికి ఇంకో అతుకు వెయ్యడం ఎంతసేపు. కానీ ఆ నీలం చీరలో, ఆ సంచితో అది ఎదురుగా నిలబడి అడుగుతుంటే నోరు రాలేదు.

"చూడలేదే," అన్నాను.

"ఎవరు?"

"మీ అమ్మ. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. గేటు తీసుకుని వెళ్ళిపోయింది. గేటు వెయ్యను కూడా లేదు. నేనే వెళ్ళి వేశాను."

కళ్ళజోడు కెమెరా వెనక నుంచి లేచి, లోపలికి వెళ్ళాలో ఉండాలో తెలియక గోడకి ఆనుకుంది.

"మరి మూడుసార్లని చెప్పావు."

"నీకు నాలుగేళ్ళప్పుడు అడిగావు, అమ్మ నన్ను చూసిందా అని. బడికి వెళ్ళినదాన్నా నేను, వారపత్రికలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆ సీరియళ్ళలో వెళ్ళేవాళ్ళంతా గేటు దగ్గర ఆగి చూస్తారు. అందులోంచి తీసి నీకిచ్చాను. మూడుసార్లన్నది నేను కలిపాను."

అది మెట్టు మీద కూర్చుంది. సంచి ఒళ్ళోకి లాక్కుంది.

"నాకు అమ్మ ముఖం గుర్తులేదు అమ్మమ్మా. ఆ చూపొక్కటే గుర్తుంది. గుర్తుందనుకున్నాను."

"తెలుసే," అన్నాను.

కళ్ళజోడు మెల్లగా, "ఇవాళ్టికి ఆపేద్దామా?" అంది.

"వద్దు. ఎండ వాలిపోతుంది." మనవరాలు ముఖం తుడుచుకుని లేచింది. "నువ్వు నిలబడు అమ్మమ్మా. ఈసారి నేను తిరగను."

తిరగలేదు. గేటు తీసుకుని వెళ్ళిపోయింది. గేటు కాసేపు ఊగింది. కెమెరా సంగతి మరిచిపోయి నేను వెళ్ళి గడియ పెట్టి వచ్చాను. కళ్ళజోడు ఆపమనలేదు.

మేష్టారు మంచి మార్కులే వేశారట. గేటు దగ్గర తిరుగుతుందని క్లాసంతా కాచుకుని కూర్చుందట. "భలే విరగ్గొట్టావన్నారు అమ్మమ్మా," అని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. కుళాయి చాలాసేపు అలా పారుతూనే ఉంది.

ఇప్పుడు కాలేజీకి వెళ్తూ సందు మలుపులో ఆగి నా వైపు చూస్తోంది. రోజూ. నేను నేల చూస్తున్నాను.

సంచి ఇంకా విప్పలేదు, మంచం కిందే ఉంది. నా కూతురు పద్దెనిమిదేళ్ళ కిందట, జూన్ నెలలో ఒక మంగళవారం, మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.